ఏసీ గదిలో కంప్యూటర్

హైటెక్ సిటీ కొత్తగా కట్టిన రోజుల్లో, రోగుల పేర్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్ నేర్పడానికి చందానగర్‌లోని ఒక దవాఖానకు వెళ్లాను. కంప్యూటర్‌ను డాక్టర్ తన ఏసీ గదిలో పెట్టించుకున్నాడు. బయట చీటీలు రాసే ఆమె టీ తెచ్చి, తలుపు దగ్గరే నిలబడేది. డాక్టర్‌కు మూడు రోజులు గొంతు పోయేలా చెప్పాను.

వారం తర్వాత ఫోన్‌లో అరిచాడు: “ఒక్క పేరు ఎక్కలే! ఏం సాఫ్ట్‌వేర్ ఇది?”

వెళ్లి చూస్తే, నేను కప్పిన కవర్ కప్పినట్టే ఉంది.

“పేర్లు ఎవరు కొట్టాలి సార్?”

“కంప్యూటరే రాసుకోవాలె గద!”

నాకు ఒళ్లు మండిపోయింది. విసురుగా బయటికొస్తుంటే, ఆమె నోట్‌బుక్ తెరిచి చూపించింది. నేను చెప్పిందంతా అందులో ఉంది.

“జర ముట్టనిస్తే నేను చేస్త సార్.”

డాక్టర్ మీద కోపం ఎప్పుడో పోయింది. నా మీదే పోలేదు. మూడు రోజులూ ఆమె తెచ్చిన టీ తాగాను గానీ, లోపలికి రమ్మని ఒక్క మాట అనలేదు.