బొమ్మల పుస్తకాలకు ఒక మొరటు మనిషి

మా వాడలో తురకల ఇళ్ళలో ఎవరైనా పోతే మసీదు మైకులో చెబుతారు. ఆ రోజు పొద్దున కూడా చెప్పారు. నేను వాకిట్లో నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. రైల్వేలో చేసి పోయిన ఫలానా సాబు గారి భార్య, ఫలానా వారి తల్లి కాలం చేశారు, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా అని వినిపించింది. ఎవరో పెద్దావిడ పోయిందనుకుని నోరు పుక్కిలించాను. అంతలో మా కోడలు లోపలి నుంచి ఉరికొచ్చింది.

"మామా, ఇనవడ్డదా? మన టీచరమ్మ!"

మైకులో టీచరమ్మ అనలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఈ వాడలో సగం మంది చేత అ ఆలు దిద్దించిన మనిషిని మొగుడి పేరు పెట్టి, కొడుకు పేరు పెట్టి చెబితే ఎవరికి తెలుస్తుంది? జనాజా దగ్గర వాళ్ళ అబ్బాయితో ఆ మాట అననే అన్నాను. "నిజమే కాకా, ఆ తొందరల నాకు తోచలే" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నా వయసు చూసి పక్కకు జరగమన్నారు. జరగలేదు. తోసుకుని వెళ్ళి పాడెకు భుజం పెట్టాను.

ఆమె బడిలో ఎట్లా చదువు చెప్పిందో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు చెప్పుకుంటారు. నేను ఆమె దగ్గర చదువుకోలేదు. నేను చెప్పేది బొమ్మల పుస్తకాల సంగతి. ఎందుకంటే అందులో నేనున్నాను.

నా చదువు రెండో తరగతి. బతుకంతా మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోసి, చివరికి హమాలీల మేస్త్రీనయ్యాను. ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కునే చదువుతాను. ఇది రాసింది నేనే. ఒత్తులూ దీర్ఘాలూ మాత్రం పదో తరగతి చదివే మా మనవడు దిద్దాడు. మాటలు ముట్టుకోవద్దని ముందే చెప్పాను.

వరంగల్‌లో కొందరు టీచర్లు, లైబ్రరీలో పనిచేసేవాళ్ళు, పిల్లల తల్లులు కలిసి ఏడాదికోసారి బొమ్మల పుస్తకాల్లో మంచిదాన్ని ఏరి బహుమతి ఇస్తారు. అప్పుడప్పుడే అక్షరాల మొహం చూస్తున్న పిల్లల పుస్తకాలవి. జీతం లేదు, బత్తెం లేదు. గెలిచిన పుస్తకాన్ని చందాలేసుకుని కొని చుట్టుపక్కల అంగన్‌వాడీలకు పంచుతారు. రిటైరైన తర్వాత టీచరమ్మే దానికి పెద్దదిక్కు.

అందులోకి నన్నెందుకు లాగిందో చెబుతాను. మా బామ్మర్దికి మా వీధిలోనే కిరాణా కొట్టుంది. ఒకరోజు వాడిచ్చిన బియ్యంలో రాళ్ళొచ్చాయి. సంచి తీసుకెళ్ళి పదిమంది ముందే వాడి బల్ల మీద కుమ్మరించి తిట్టాను. టీచరమ్మ పప్పు కోసం వచ్చి నిలబడి ఉంది. నవ్వింది.

"ఏందన్నా, సొంత బామ్మర్దికన్న మోమాటపడవా?"

"రాయికి బామ్మర్ది అని తెలుస్తదా టీచరమ్మా? నా పన్ను ఇరిగేది ఇరుగుతనే ఉండె."

"రేపు జర మా ఇంటికి రా. నీతోని పనున్నది" అంది.

వెళ్ళాను. హాలులో జంపఖానా పరిచి, దాని మీద రంగురంగుల పుస్తకాలు పరిచి పెట్టింది. సంగతంతా చెప్పి, నువ్వు కూడా మాతో కూర్చోవాలె అంది. నాకు మండింది.

"నాకు చదువే సక్కగ రాదు. ఎగతాళి చేస్తానవా?"

"చదువొచ్చినోళ్ళు శానమందున్నరన్నా. అందరు మంచోళ్ళే. గని ఈ పుస్తకం రాసినాయన ఒకలకు చుట్టం, ఆ బొమ్మలేసినామె ఇంకొకలకు దోస్తు. ఎట్ల బాగలేదందుమని మోమాటం. అందరి మోమాటాలు కలిసి ఒక పుస్తకానికి బహుమతొస్తది. అది తీస్కపోయి పసిపిల్లల చేతుల పెడ్తం. వాళ్ళేం పాపం చేసిండ్రు?"

"అయితే నీకు నా నోరు గావాలె."

"ఔను. నీ నోరే గావాలె."

వరంగల్‌లో నన్ను మొరటోడన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మొరటుతనానికి ఒక పని చూపించింది మాత్రం ఆమె ఒక్కతే.

అప్పటి నుంచి ప్రతి ఏడూ అందరం అంగన్‌వాడీలు పంచుకుని, పుస్తకాలు పట్టుకుని తిరిగాము. నేను టీచరమ్మ వెంట వెళ్ళేవాణ్ణి. చదివే ముందు ఆమె చేతులు కడుక్కునేది, నా చేతులూ కడిగించేది. పుస్తకాన్ని చెంప పక్కన, బొమ్మలు పిల్లల వైపు ఉండేటట్టు పట్టుకునేది. అట్లా పట్టుకుంటే తనకు అక్షరాలు సరిగ్గా కనిపించవు. అందుకని ముందు రోజే కథంతా నోటికి నేర్చుకుని వచ్చేది. నాకు నేర్చుకోవడం చేతకాక కూడబలుక్కునే చదివేవాణ్ణి. నేను 'బ' అని ఆగేలోపే పిల్లలు బొమ్మ చూసి "బర్రె! బర్రె!" అని అరిచేవాళ్ళు. నాకు సిగ్గయ్యేది. "ఆగు, ఇంక జర ఆగు, వాళ్ళను చదవనీ" అని ఆమె వెనక నుంచి అనేది.

పని ఎట్లా చేయాలో ఒక్క ముక్కలో చెప్పింది. "పుస్తకం దిక్కు చూడకన్నా, పిల్లల దిక్కు చూడు."

కథ అయిపోయాక మంచిగుందా అని మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు. ఎందుకడగవని నేనే అడిగాను. "అడిగితే అందరు ఒక్క గొంతుతోని మంచిగుంది టీచర్ అంటరు. వాళ్ళకు గుడ మోమాటముంటదన్నా. మనమంటే ప్రేమ గదా, అందుకని అబద్ధమాడుతరు" అంది. అందుకే ఊరికే చూసేది. ఎవరు దగ్గరికి జరిగారు, ఎవరు కిటికీ వైపు తిరిగారు, ఎవరు లేచి చెప్పులు వేసుకున్నారు. కొత్త పుస్తకం నలిగిపోతుందని ఒక ఆయమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే టీచరమ్మ తాళంచెవి అడిగి తీయించింది. "చినిగిన పుస్తకమే చదివిన పుస్తకం బిడ్డా" అంది.

ఇక అసలు సంగతి.

ఆమెకు కూతుళ్ళు లేరు. కానీ ఒక శిష్యురాలుంది. కూలీ పనికి వెళ్ళే తల్లి బిడ్డ. ఆ అమ్మాయికి మొదటి రంగుల డబ్బా కొనిచ్చింది టీచరమ్మే. పదో తరగతి పరీక్షలప్పుడు తన ఇంట్లో పెట్టుకుని చదివించింది. ఆ అమ్మాయి పెద్దదై, బొమ్మలు వేయడం నేర్చుకుని, హసన్‌పర్తిలో కాపురముంటూ ఒక పుస్తకం చేసింది. ఒక ముసలమ్మ పాత బట్టలన్నీ కలిపి బొంత కుడుతుంది. ఒక్కో గుడ్డ పేలికకు ఒక్కో జ్ఞాపకం చెబుతుంది. ఆ పుస్తకాన్ని మిఠాయి డబ్బాతో సహా టీచరమ్మకు తెచ్చిచ్చింది. టీచరమ్మ దాన్ని వీధి వీధంతా చూపించింది. "నా పిల్ల చేసింది" అని మా ఆవిడకు కూడా తెచ్చి చూపించింది. ఆ ఏడు ఆ పుస్తకం కూడా పోటీలో ఉంది. తన పిల్లది కదా అని దాన్ని అంగన్‌వాడీల్లో చదివే పని మాకే వదిలేసింది, తను రాలేదు.

తీర్పు చెప్పే రోజు ఒక బడి గదిలో కూర్చున్నాము. టీచరమ్మ ముందే చెప్పింది, ఈ ఒక్కదానికి నేను ఓటెయ్యను, మీరే తేల్చండి అని. నోరు అట్లా అంది. మొహం మాత్రం పండుగ నాటి మొహంలాగా వెలుగుతోంది. ఒక్కొక్కరూ లేచారు. బొమ్మలు అద్భుతం అన్నారు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి అన్నారు. నా వంతు వచ్చింది.

అబద్ధమెందుకు, బతుకులో మొదటిసారి నాకు లేవబుద్ధి కాలేదు. మొహమాటమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఆమె నా వైపే చూస్తోంది. కానీ ఆమె నన్ను పిలిచింది దేనికి? లేచాను.

"బొమ్మలు మంచిగున్నయి. నాకైతే మా అమ్మ యాదికొచ్చింది. గని నేను జదివిన కాడ పిల్లలు లేచిపోయిండ్రు. జ్ఞాపకాలు నాసొంటి ముసలోళ్ళకుంటయి. నాలుగేండ్ల పోరనికి ఏం జ్ఞాపకముంటది? ఈ పుస్తకం పెద్దోళ్ళది."

ఒక సారు మెల్లగా, "పెద్దాయనా, మీకు కథ సరిగ్గా అర్థం కాలేదేమో" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే టీచరమ్మ అందుకుంది. "ఆయనకు అర్థమైందా లేదా పక్కకువెట్టండి సార్. మీ దగ్గర పిల్లలు కూసున్నరా, లేచిండ్రా?"

ఆ సారు చేతిలోని కాగితం అటూ ఇటూ తిప్పాడు. "లేచిండ్రు మేడం."

"మీ దగ్గర?" అని పక్కామెను అడిగింది. అక్కడా లేచారు. అందరి దగ్గరా లేచారు.

"మరి ఒక్కలన్న చెప్పరైతిరి?"

"మీ పిల్ల చేసింది గదా మేడం."

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది. మళ్ళీ పెట్టుకుని, బొంత పుస్తకాన్ని తన చేతులతోనే తీసి పక్కన పెట్టింది. "తర్వాతిది చూద్దాం" అంది. ఆ ఏడు బహుమతి రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రె పుస్తకానికి వచ్చింది. ఆటో, బస్సు, పెళ్ళి బరాత్ ఎన్ని వచ్చినా ఆ బర్రె లేవదు. చివరికి దాని పిల్ల, దుడ్డె వచ్చి పిలిస్తే లేస్తుంది. ఆ పుస్తకం చదివితే పిల్లలు హారన్లు కొట్టి కొట్టి గది ఎగరగొట్టేవాళ్ళు.

ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆమె రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ నా మీద పడింది. "నీ నోట్ల మన్నువడ! ఆమెకు బిడ్డ లెక్క గాదు? ఒక్కనాడు నోరు మూసుకుంటే నీ సొమ్మేం బోతుండె?" నేను అన్నం తిన్నాను కానీ రుచి తెలియలేదు. ఆమె మళ్ళీ నా గుమ్మం తొక్కుతుందో లేదో అని లోపల బుగులుగానే ఉంది.

కొన్నాళ్ళకు గేటు చప్పుడైంది. బురఖా వేసుకుని, చేతిలో సంచితో టీచరమ్మ.

"నడువన్నా."

"యాడికి?"

"నా పిల్ల దగ్గరికి. వేరేటోళ్ళ నోటెంబడి ఇంటే పిల్ల ఇరిగిపోతది. మనమే చెప్దాం."

హసన్‌పర్తి బస్సెక్కాము. ఆ అమ్మాయి చాయ్ పెట్టింది. టీచరమ్మే చెప్పింది, నా మీదికి తోయలేదు. "నీ పుస్తకానికి రాలేదు బిడ్డా. పిల్లలు కూసుంటలేరు. ఏ పేజీ కాడ లేస్తాండ్రో పెద్దబాపు చెప్తడు, ఇను" అని నన్ను చూపించింది. నేను పేజీ తీసి చూపించాను. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది.

"మీరు చదివిన తీరు బాగలేదేమో పెద్దబాపూ."

"కావచ్చు బిడ్డా. నువ్వే వచ్చి జదువు. నేను మూల్నకు కూసుంట."

ఆ అమ్మాయి లేచింది. మా చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు.

ఆ రంజాన్‌కు ఆ అమ్మాయి టీచరమ్మ ఇంటికి రాలేదు. ప్రతి ఏడూ వచ్చేది. టీచరమ్మ గిన్నెడు షీర్‌ఖుర్మా తీసి పెట్టి పొద్దుగూకేదాకా చూసింది. తర్వాత మూత పెట్టి మా ఇంటికి తెచ్చింది. "నువ్వే తాగన్నా. నీ నోటి వల్లనే మిగిలింది" అంది. నవ్వుతూనే అంది. నేనూ తాగాను. ఆ రోజు కావాలంటే ఆమె ఒక్క ఫోన్ చేసి, పోనీలే బిడ్డా, వచ్చే ఏడు చూద్దామని సర్దిచెప్పి ఉండొచ్చు. చేయలేదు. పిల్ల అలిగిందని తీర్పు మార్చలేదు, తీర్పు చెప్పానని పిల్లను వదులుకోనూ లేదు. రెండూ కడుపులో పెట్టుకుని కూర్చుంది. నేను బతుకులో ఎందరో మొనగాళ్ళను చూశాను. క్వింటాలు బస్తా ఒక్కడే ఎత్తినవాణ్ణి చూశాను. ఇది అంతకన్నా బరువు.

చలికాలంలో ఒకనాడు మేము అంగన్‌వాడీలో చదువుతుంటే తలుపు దగ్గర ఎవరో కూర్చున్నారు. చూస్తే ఆ అమ్మాయే. ఒడిలో కాగితాలు పెట్టుకుని పిల్లల్ని చూస్తోంది. నేను పిలవబోయాను. టీచరమ్మ నా మోచెయ్యి గిచ్చింది.

"పలకరియ్యకు. చూడనీ."

ఆ రోజు టీచరమ్మ నోటికి నేర్చుకున్న కథలో ఒక వాక్యం మరిచిపోయింది. పిల్లలకు తెలియలేదు, నాకు తెలిసింది. ఆ తర్వాత ఆ అమ్మాయి తరచుగా వచ్చి వెనక కూర్చునేది. ఒకనాడు టీచరమ్మ సంచి ఆమే అందుకుని బస్సుదాకా మోసింది. వాళ్ళిద్దరి మధ్య ఆ సంగతి మళ్ళీ ఎత్తారో లేదో నేను అడగలేదు. దవాఖానలో ఆఖరి రోజుల్లో కొడుకుతో పాటు మంచం పక్కన కూర్చున్నది ఆ అమ్మాయే. నేను చూడడానికి వెళితే, టీచరమ్మ ఆమె వైపు కళ్ళతో చూపించి, "నా పిల్ల నేర్చుకుంటాంది" అంది. ఆ గొంతులో ఉన్న గర్వం ఏ బహుమతి ఇచ్చినా రాదు.

మొన్న సాయంత్రం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వాకిట్లో గచ్చు మీద కూర్చుని, సంచిలోంచి పెన్సిల్‌తో గీసిన కాగితాలు తీసి వరుసగా పరిచింది. కొత్త పుస్తకం. ఒక మేక తీగ మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటీ తింటూ పోతుంది.

"టీచరమ్మకు చూపియ్యాలనుకున్న. అందలే" అంది. కాగితాలు నా వైపు జరిపి, "చెప్పు పెద్దబాపూ" అంది.

చూశాను. అంగీ తింది, లుంగీ తింది, బాగుంది. "ఈడ మేక ఊకెనే నిలవడ్డదేంది? తినేది ఇడిసిపెట్టి పైకి మొగులు దిక్కు చూస్తాంది" అన్నాను. ఆమె రబ్బరు తీసి ఆ మేకను మొత్తం చెరిపేసింది.

మా బుడ్డ మనవరాలు ఎప్పుడొచ్చిందో వచ్చింది. ఆ కాగితం ముందే బోర్లా పడుకుని, గడ్డం తీసుకెళ్ళి దాని మీదే పెట్టింది. "గిప్పుడేం తింటది? గిప్పుడేం తింటది?" అంటోంది. ఆ అమ్మాయి దాన్ని లేవమనలేదు. కాగితం లాక్కోలేదు. పిల్ల గడ్డం చుట్టూ పెన్సిల్ తిప్పుకుంటూ, మిగిలిన జాగాలోనే, మేకకు మెల్లగా కాళ్ళు గీస్తోంది.