ఆ మూడు ప్లగ్గులు నేనే వేశాను

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే ముందు వాళ్ళ మొహంలోకి చూడాలి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని. బెంగుళూరు మారతహళ్ళిలో సర్వీసు రోడ్డు వెనక నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. అక్కడికి టీ తాగడానికి వచ్చిన ప్రతివాడికీ పదివేల ఇంజన్లు విప్పానని చెప్పేవాణ్ణి. ఎవరు లెక్కపెట్టొచ్చారు? బానెట్ మీద చెవి ఆనిస్తే ఏ సిలిండరు దగ్గుతోందో చెప్పేస్తాననేవాణ్ణి. నా ఎడమ చెవి అప్పటికే సగం పోయింది. ఒక మంత్రి కారును నడిరోడ్డు మీద హెయిర్‌పిన్నుతో బాగుచేసిన కథ కూడా ఒకటి ఉంది. ఆ మంత్రీ లేడు, ఆ హెయిర్‌పిన్నూ లేదు. బండి మాత్రం నిజమే, అది మా బావమరిది ఆటో. కాబట్టి నేను రాసేదాంట్లో గొప్పగా వినిపించినదాన్ని సగం కొట్టేసుకోండి. నీచంగా వినిపించినదాన్ని మాత్రం ఉంచండి.

అతన్ని యేసోబు అంటాను. అసలు పేరు అది కాదు. మదనపల్లె వైపు మనిషి. భార్య సువార్తమ్మ నర్సు. హూడిలో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ సారు దగ్గర డ్రైవరుగా చేసేవాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. మాటకారి కాదు. అతనికున్న గర్వమంతా కుడికాలిలోనే ఉండేది. సారు వాళ్ళమ్మ వెనక సీట్లో నిద్రపోతే, స్పీడుబ్రేకరు దాటిన సంగతి కూడా ఆవిడకు తెలిసేది కాదు. అతను నడిపిన పాత బండి బ్రేకు ప్యాడు ఒకసారి విప్పి చూశాను. నిన్న బిగించినట్టుంది. ఇది నా గొప్ప కాదు, అతనిది, కాబట్టి సగం చెయ్యకండి.

డ్రైవింగులో అతనికి ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఉండేది. పెట్రోలు మిగులుతుందని త్వరగా పై గేరులోకి వెళ్ళేవాడు. ఆ అలవాటు నేర్పింది నేనే.

సారు పాత బండి అమ్మి టర్బో పెట్రోలు కారు కొన్నాడు. మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు. టర్బో అంటే ఏమీ లేదు, బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, దాంతో ఇంజనులోకి మామూలుకంటే ఎక్కువ గాలిని కుక్కడం. చిన్న ఇంజను చేత పెద్ద ఇంజను పని చేయిస్తారన్నమాట. అందుకే లోపల వేడి కూడా ఎక్కువ. అలాంటి బండి నా షెడ్డుకు వచ్చినప్పుడు, ఇట్లాంటివి నలభై చేశానని చెప్పాను.

నా చేతికి వచ్చిన టర్బో బండి అదే మొదటిది.

ప్లగ్గుల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. సిలిండరులో పెట్రోలుకు నిప్పురవ్వ అందించేది ప్లగ్గు. వాటిలో చల్లవి, వేడివి అని ఉంటాయి. చల్ల ప్లగ్గు తన మొన మీది వేడిని గబగబా సిలిండర్ హెడ్డులోకి దించేస్తుంది. వేడి ప్లగ్గు దాన్ని మొన దగ్గరే ఉంచుకుంటుంది. కార్బురేటర్ల కాలంలో, ట్రాఫిక్కులో నత్తలా పాకే బండి ప్లగ్గులకు మసి పట్టేది. దానికి మా పాత మెకానిక్కుల వైద్యం ఒకటే, ఒకట్రెండు అంకెల తేడాతో ఎక్కువ వేడి ప్లగ్గు వెయ్యడం. మసి దానంతటదే కాలిపోయేది. బెంగుళూరులో నాకు పేరు తెచ్చిపెట్టింది ఆ వైద్యమే. టర్బో ఇంజనుకు అదే విషం. కుక్కిన గాలిలో ఆ మొన నిప్పుకణికలా ఎర్రబడుతుంది. స్పార్కు కోసం ఆగకుండా, పిస్టను ఇంకా పైకి వస్తుండగానే పెట్రోలును అంటిస్తుంది. ఆ దెబ్బకు అల్యూమినియం పిస్టను మైనంలా కరుగుతుంది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదని రాద్దామనుకున్నాను. రాశాను కూడా. మళ్ళీ కొట్టేశాను. తెలియదనడం అబద్ధం. టర్బోకు చల్ల ప్లగ్గే వెయ్యాలని విని ఉన్నాను. విన్నదాన్ని నమ్మడం అవమానం అనిపించింది, అంతే. విని కూడా నమ్మకపోవడాన్ని తెలియకపోవడం అంటారా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అనరు.

ఆ రోజు పొద్దున, ప్లగ్గులు మార్చే గడువొచ్చిందని యేసోబు షోరూము నుంచి కొత్త ప్లగ్గులు కొనుక్కొచ్చాడు. షెడ్డులో నా ఈడు మెకానిక్కులు ముగ్గురు టీ తాగుతున్నారు. పాతవి విప్పి చూస్తే కాస్త మసి ఉంది. నేను లేచి నిలబడి, వీటికి నా వేడి ప్లగ్గులు వేస్తానని ప్రకటించాను. "ఈ నంబరే వేయల్లంట అన్నా, బుక్కులో ఉండాది" అన్నాడు యేసోబు. "ఆ బుక్కు రాసినోడు ఎప్పుడన్నా మారతహళ్ళి ట్రాఫిక్కులో ఇరుక్కున్నాడా? సుమ్మనే ఉండప్పా" అన్నాను. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు కోసమే అన్నాను. అంతలో సారు నుంచి ఫోను వస్తే యేసోబు ఏదో పని మీద వెళ్ళాడు. టీ తాగేవాళ్ళూ వెళ్ళిపోయారు. నేను, ఆ ఇంజను, రెండు రకాల ప్లగ్గులు మిగిలాం.

ఎవరూ చూడటం లేదు. అతను తెచ్చినవే వేసేసి ఊరుకోవచ్చు. నా పరువూ పోయేది కాదు. అయినా నావే వేశాను. ఎందుకు? ఇంకెవరూ లేకపోయినా నేనున్నాను కదా చూడటానికి. నా గొప్పలు అందరికంటే ఎక్కువ నమ్మింది నేనే.

పని మాత్రం శ్రద్ధగా చేశాను. ఇంజను చల్లారేదాకా ఆగాను. ప్లగ్గు గుంతల్లో దుమ్ము గాలితో ఊదేశాను. మర దెబ్బతినకుండా ముందు చేత్తో తిప్పి, తర్వాత టార్కు రెంచితో సరైన కొలతకు బిగించాను. మంచి చేతులతో చెడ్డ పని ఎంత చక్కగా చేయొచ్చో ఆ రోజు చేసి చూపించాను. యేసోబు తిరిగొచ్చేసరికి బానెట్ మూసి ఉంది. అతను తెచ్చిన డబ్బా నా అరలోనే ఉండిపోయింది.

ఊర్లో తిరిగినన్నాళ్ళు ఏమీ కాలేదు. మూడు వారాలకు యేసోబు సారు వాళ్ళ అమ్మానాన్నలను తిరుపతి తీసుకెళ్ళి వస్తుండగా, చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను ఠకఠకా కొట్టుకుని, నీలం పొగ కక్కి, ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముసలివాళ్ళు ఎండలో రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నారు. బండి లారీ మీద నా షెడ్డుకు వచ్చింది.

సారు వచ్చే లోపు నేనొక్కణ్ణే ప్లగ్గులు విప్పాను. మధ్య సిలిండరు ప్లగ్గుకు మొన లేదు. కరిగిపోయింది. పింగాణీ మీద బొబ్బలు. కెమెరా తీగ లోపలికి దించి చూస్తే పిస్టనులో బొటనవేలంత రంధ్రం.

ఇప్పుడు చెప్పబోయేది చదివాక మీరు ఈ కాగితం పక్కన పడేసినా నేనేమీ అనుకోను. ఆ మూడింటినీ జేబులో వేసుకున్నాను. అరలోంచి యేసోబు తెచ్చిన డబ్బా తీశాను. సైలెన్సరు గొట్టంలో వేలు పెట్టి మసి తీసి, కొత్త ప్లగ్గుల మొనలకు పూశాను. బిగించాను. సారు వచ్చాక ఆయన ఎదుటే మళ్ళీ విప్పి చూపించాను. ఆయన ఫోనులో నంబరు చూసుకుని, సరైనవే అన్నాడు. యేసోబు కొంచెం దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఘాట్లో పై గేరు పెట్టి తొక్కినాడు సార్, ఏ ఇంజనైనా పోతాది" అన్నాను. అలా తొక్కితే టర్బో ఇంజన్లు పాడయ్యే మాట నిజమే. నా అబద్ధానికి అంత మంచి నిజం దొరికింది.

సారు ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశాడు. మరుసటి రోజు యేసోబు నడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు. అప్పుడు మా మధ్య నడిచిన మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"అన్నా, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు."

"అడుగప్పా."

"ఆ పొద్దు నీ ప్లగ్గులే ఏస్తానంటివి. ఏసినావా?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"నా సంగతి నీకు తెలీదా యేసోబూ? నలుగురు టీ తాగతా ఉంటే ఏందో ఒకటి కూస్తాను. నువ్వట్ల పోతానే బుద్ధిగా నువ్వు తెచ్చినవే బిగించినా. నా గొప్పలన్నీ నోట్లోనేనప్పా, చేతుల్లో లేవు. సారు నంబరు చూళ్ళేదా?"

"చూసినాడు."

"మరింక?"

అతను కాసేపు తన కుడికాలి వైపు చూశాడు.

"అయితే నాదేనా అన్నా తప్పు?"

"ఘాట్లో ఏ గేరులో ఉంటివి?"

"నాలుగులో. ఒకతూరి ఐదు కూడా ఏసినట్ల ఉండాది. ముసలాయమ్మ పండుకోనుండాది. ఇంజను సద్దు ఎక్కువైతే లేస్తాదేమోనని."

"అదే మరి."

"అంతేనంటావా."

"అంతేనప్పా."

"నువ్వు చెప్తే అంతే అన్నా."

గమనించారా? జన్మంతా అబద్ధపు గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, అవి అబద్ధాలని ఒక మనిషి ముందు ఒప్పుకున్నది అదే మొదటిసారి. ఆ ఒప్పుకోలే పచ్చి అబద్ధం. నా గొప్పలను ఎవరూ పెద్దగా నమ్మలేదు. నా సిగ్గును మాత్రం యేసోబు నమ్మాడు. అలాంటప్పుడు ఇప్పుడు రాసేదాన్ని మీరెందుకు నమ్మాలి?

యేసోబు ఆ తర్వాత స్టీరింగు పట్టలేదు. పీణ్యలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. అక్కడ ఒక గది ఇంట్లో దిగాక దేవుడికి కృతజ్ఞతగా ప్రార్థన కూటం పెట్టుకుని నన్ను కూడా పిలిచాడు. వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను. పాటలయ్యాక అతను లేచి, వాళ్ళ పద్ధతిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. తన నిర్లక్ష్యం వల్ల అన్నం పెట్టిన యజమాని బండి పాడైందని, ముసలివాళ్ళు ఎండలో కూర్చున్నారని, దేవుడు తనను క్షమించాలని అడిగాడు. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. మొహమాటపడకుండా తన తప్పు తనకు చూపించిన అన్న ఇక్కడే ఉన్నాడని నా వైపు చెయ్యి చాపాడు. అందరూ తిరిగి చూశారు. నా పాపాన్ని అతను తన పేరున ఒప్పుకున్నాడు, నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తల ఊపాను. తర్వాత కోడికూర వడ్డించారు. తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

పోయిన నెల సువార్తమ్మ ఫోను చేసింది. ఫ్యాక్టరీ యజమాని తన సొంత కారు నడపమని యేసోబును అడిగాడట. ఇతను చేతులు వెనక్కి పెట్టుకుని, నా కాలు మంచిది కాదు సార్ అన్నాడట. గేటుకు అడ్డంగా ఉన్న బండిని కాస్త వెనక్కి తియ్యమని తాళం ఇచ్చినా తీసుకోడట. "మీ మాటంటే ఆయనకు గురి అన్నయ్యా. మీరొక్కసారి చెప్పండి" అంది. చెబుతానమ్మా అన్నాను. చెప్పలేదు. ఏమని చెప్పను? నీ కాలు మంచిదే అంటే, మరి ఆ రోజు ఎందుకు కాదన్నావని అడుగుతాడు. అడగడేమో కూడా. అది ఇంకా ఘోరం. అతను క్షమించేస్తాడు. అతని పద్ధతి నాకు తెలుసు, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి, టీ తాగిపొమ్మంటాడు. ఏడేళ్ళు అతన్ని నడిపించి, అంత చవగ్గా బయటపడనా?

రేపు పీణ్య వెళతానని రాయాలనుంది. రాస్తే అది కూడా నా గొప్పల్లో ఒకటవుతుంది. కాబట్టి రాయను. పేర్లు మార్చాను. ఘాట్ పేరు మార్చలేదు, మూడు సిలిండర్లను నాలుగు చెయ్యలేదు, ముసలావిడ నిద్రను తీసెయ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని, చేతికి దొరికిన తెలుగు కాగితమల్లా చదివే అలవాటు అతనికి ఉంది. ఇది కనబడితే రెండో పేజీకి రాకముందే పోల్చుకుంటాడు.

పోల్చుకుంటే ఈ వాక్యం అతనికి. ఆ మూడు ప్లగ్గులు నేనే వేశాను యేసోబూ, మసి నేనే పూశాను, నీ కాలు ఏ తప్పూ చెయ్యలేదు.

రాసేశాను. గట్టిగా ఒకసారి చదువుకున్నాను కూడా. వినేవాళ్ళెవరూ లేరు. అయినా నా నోటితో ఆ మాట బయటికి రావడం ఏడేళ్ళలో ఇదే మొదటిసారి.