బెల్లం వద్దన్న సారు

మా జువాలజీ సారు పోయారని నాకు చెప్పింది మా నాయిన. పోయిన నెలలో ఒక మంగళవారం, నేను పాఠం చెప్పే తిమ్మాజిపేట బడిలో మూడో పీరియడ్ నడుస్తుండగా ఫోన్ చేశాడు. నాయిన ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. ఎదుటి మొహం కనపడకుండా మాట్లాడడం ఆయనకు దొంగపనిలా తోస్తుంది.

"బిడ్డా, మీ సారు పోయిండంట. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడంట."

వెనక ఎక్కడో గొర్రె ఒకటి అరుస్తుండడం వినపడింది. "మూడోనాటికి నేను ఇటు గట్టుకెల్లి వనపర్తికొస్త. నువ్వు అటు తిమ్మాజిపేటకెల్లి రా" అని పెట్టేశాడు.

నాయిన నంబరు సారు దగ్గర ఎందుకుందో నాకు అప్పటికి తెలియదు. సారుకు పిల్లలు లేరు, భార్య అంతకు ముందే పోయారు. అన్న కొడుకు ఆయన జేబు డైరీ తీసి, అందులో ఉన్న నంబర్లన్నింటికీ వరసగా ఫోన్ చేశాడట. నా నంబరు అందులో లేదు. నేను ఇవ్వలేదు కాబట్టి లేదు.

కాలేజీలో పెట్టిన సంతాప సభలో అందరూ ఆయన్ని మహానుభావుడన్నారు. ఆ మాట వింటే సారుకు అజీర్ణం చేసేది. నేను అంత పెద్ద మాటలు రాయను. నాకు తెలిసిన మనిషిని మీకు చెబుతాను.

గద్వాల డిగ్రీ కాలేజీలో మాకు మూడేళ్లు పాఠం చెప్పారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో సుద్దముక్కలు వేసుకుని మరిచిపోయి ఇంటికి తీసుకుపోయేవారు. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా పలకకపోతే "ఆబ్సెంట్" అనేవారు కాదు. "ఇంకా రాలేదు" అని పెన్సిలుతో ఒక చుక్క పెట్టేవారు. మా క్లాసులో ఒకడు చదువు మానేసి అమ్మానాన్నలతో బొంబాయి పనికి పోయాడు. వాడు మళ్లీ రాడని అందరికీ తెలుసు. అయినా ఏడాది పొడుగునా సారు వాడి పేరు పిలిచారు, ఒక క్షణం ఆగారు, "ఇంకా రాలేదు" అన్నారు. వెనక బెంచీలో మేం నవ్వేవాళ్లం. నవ్వడానికి అంతకంటే పెద్ద కారణాలు మాకు దొరికేవి కావు.

చాయ్‌లో పాలు పోయనిచ్చేవారు కాదు. క్యాంటీన్ ఆమె ఒకసారి ముసలాయన మీద జాలిపడి చిక్కటి పాలు పోసి ఇస్తే, గ్లాసు చేతిలో పట్టుకుని ఆమెకు పాఠం చెప్పారు. "పాలరిగించే సరుకు నా కడుపుల చిన్నప్పుడే ఉండె, చిన్నప్పుడే పాయె. నీ పాలల్ల తప్పు లేదమ్మా." ఆమె తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచి, సారుకు ఏం జబ్బని అడిగింది.

ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటే. బోర్డు మీద రెండు గీతలు గీసేవారు. ఒకటి పైనుంచి కిందికి దిగేది, ఇంకొకటి కిందనుంచి పైకి ఎక్కేది. దిగేది పాలను అరిగించే ఎంజైము. ఎక్కేది పిండిని అరిగించేది. ఎలుకపిల్ల పుట్టేటప్పటికి మొదటిది నిండుగా ఉంటుంది, రెండోది దాదాపు ఉండదు. మూడో వారంలో గానీ రాదు. "పుట్టంగనే అన్నీ రావు. కొన్ని ఎనక నడిసొస్తయ్" అనేవారు. రమ్మని కబురు పంపేది మూత్రపిండాల మీద కూర్చున్న చిన్న గ్రంథి. ఆ కబురు పేరే హార్మోను. వయసులో ఉన్నప్పుడు సారు ఒక ల్యాబులో పాలు తాగే ఎలుకపిల్లలకు ఆ హార్మోనును సూదితో ముందే ఎక్కించి చూశారు. ఎంజైము కొన్ని రోజులు ముందుగానే వచ్చేసింది. ఆ పని మీదే పీహెచ్‌డీ రావలసింది. గైడు రిటైరయ్యాడు, సారుకు ఉద్యోగం వచ్చింది, కాగితాలు మూటలోకి పోయాయి.

గొర్రెల విషయంలో ఇంకో వింత చెప్పారు. కాన్పు ఎప్పుడన్నది తల్లి కాదు, లోపలి పిల్లే తేలుస్తుందట. నెలలు నిండేసరికి పిల్ల ఒంట్లో అదే హార్మోను పెరిగి, ఊపిరితిత్తులను, కాలేయాన్ని, పేగును సిద్ధం చేసి, ఇక బయటికి వస్తానని తల్లికి కూడా కబురు పెడుతుందట. నేను ఇంటికి పోయి ఈ సంగతి నాయినకు ఎంతో గొప్పగా చెప్పాను. మాది గట్టు దగ్గర ఒక పల్లె, తాతల నుంచి గొర్రెల మంద మీద బతికిన ఇల్లు. నాయిన గొంగడి దులుపుకుంటూ అన్నాడు: "గిది చదవనీకి గద్వాల దాకా పోయినవా? పిల్ల తొందర జేస్తెనే తల్లి ఈనుతది. మా మందల ఏ గొర్రెనడిగినా చెప్తది."

నేను రెండో ఏడు చదువుతుండగా వానలు పడలేదు. తర్వాతి ఎండాకాలానికి మేత లేదు, నీళ్లు లేవు. చూడి గొర్రెలు నెలలు నిండకుండానే ఈనాయి. కొన్ని ఈని చచ్చాయి, బతికినవాటి పొదుగుల్లో పాలు లేవు. ఏడు పిల్లలు తల్లిపాలు లేకుండా మిగిలాయి. మందలో అప్పటికే చాలా పోయాయి, ఆ ఏడు నిలబడితేనే మళ్లీ మంద. పోతే నాయిన కర్ర పక్కన పడేసి మట్టిపనికి పోవాలి. సంగతి అంత సూటిగా ఉండేది.

నాయిన ఆ పిల్లలకు మా తాత చేసిందే చేశాడు. బెల్లం నీళ్లు, పలచటి జొన్న అంబలి. "నోట్ల తీపి పడితే పాణం నిలుస్తది" అని మావాళ్ల నమ్మకం. రెండు రోజులకే పిల్లలన్నీ పారుకోవడం మొదలుపెట్టాయి. పశువుల డాక్టరు ఒక్కడు, చచ్చే మందలు లెక్కలేనన్ని. నేను సారుకు చెప్పాను. సాయం కోసం కూడా కాదు, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని చెప్పాను.

మర్నాడు పొద్దున్నే ఆయన బస్సు దిగి, గొడుగు వేసుకుని మా దొడ్డి ముందు నిలబడ్డారు. పిల్లల్ని ఒక్కొక్కదాన్నే ఎత్తి కడుపు తడిమి చూశారు.

"బెల్లం బంజెయ్యి పెద్దాయనా. గొర్రె పేగుల బెల్లం అరిగించేది ఉండనే ఉండది. ఇయ్యాల రాదు, రేపు రాదు. అంబలి అరిగించేది వస్తది గానీ ఇంకా రాలేదు. ఎలుకకైతే మూడు వారాలు. దీనికి ఇంకెక్కువనే పట్టొచ్చు. అందాక పాలే."

నాయిన ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "ఏం పెట్టొద్దో మంచిగ చెప్తున్నవు సారూ. ఏం పెట్టాల్నో జెప్పు. పాలు యాడున్నయ్?"

బోర్డు ముందు జవాబు లేకుండా నిలబడిన సారును నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు దొడ్డి ముందు చూశాను.

అయినా నాయిన బెల్లం ఆపేశాడు. సారు మర్నాటి నుంచి గద్వాలలో బర్రెపాలు పోయించుకుని, స్టీలు క్యాన్‌లో బస్సు మీద తెచ్చారు. నాలుగు రోజులు తెచ్చారు. ఆ ఎండకు రెండు రోజులు పాలు దారిలోనే విరిగిపోయాయి. పాలపొడి తేవచ్చు కదా అని మీరు అడగొచ్చు. తెచ్చారు. దొరికింది చాయ్‌లో కలిపే రకం. డబ్బా మీద అక్షరాలు కళ్లజోడు ఎత్తి చదివి, "దీంట్ల చక్కెరున్నది" అని పక్కన పెట్టేశారు. అయిదో రోజు పాలు దొరకలేదు. ఆ రోజు ఆయన క్యాన్ లేకుండా, ఒక చిన్న కాగితం పొట్లంతో వచ్చారు. అందులో ఆ హార్మోను సూది మందు ఉంది.

"పెద్దాయనా, ఉన్నది ఉన్నట్టు చెప్త. ఇది నేను ఎలుకపిల్లల్ల చూసిన. గొర్రెపిల్లల్ల చూడలేదు. పనిజేస్తె అంబలి అరిగేది జర ముందుగాల వస్తది. చేయకపోతే ఏమైతదో నాకు తెల్వదు."

"ఎట్లయినా పోయేటివే గద సారూ. చెయ్యి" అన్నాడు నాయిన.

అప్పుడు నేను నోరు జారాను. చదువుకున్న పిల్లనని చూపించుకోవాలనే బుద్ధి తప్ప ఇంకేం లేదు. "సార్, మూడింటికి వెయ్యకుండా ఉంచుదామా? కంట్రోల్ కావాలె గద" అన్నాను. మందు పనిచేసిందో లేదో తెలియాలంటే కొన్నింటిని మందు లేకుండా పక్కన పెట్టి పోల్చి చూడాలని ఆయనే మాకు నేర్పారు. సారు నా వైపు చూశారు. తర్వాత నాయిన వైపు చూశారు. నాయిన ఏడింటినీ ఒక్క గొంగడి మీద పడుకోబెట్టి, ఈగలు తోలుతున్నాడు.

"ఇది ల్యాబ్ కాదమ్మా" అన్నారు. ఏడింటికీ వేశారు.

తొమ్మిది రోజుల్లో ఏడూ పోయాయి. మొదట ఒకటి, తర్వాత ఒకేరోజు మూడు, అలా. చివరిదానికి నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. అది లేచి నిలబడి రెండడుగులు కూడా వేసింది. సారు దాని రోజులు లెక్కపెట్టుకున్నారు. పుట్టిన పందొమ్మిదో రోజున అది నా ఒళ్లోనే పోయింది.

సూది మందే పిల్లల్లో ఉన్న కాస్త శక్తినీ తీసిందా, ఆకలే తీసిందా అన్నది ఎవరికీ తెలియదు. పోల్చుకోవడానికి ఒక్కదాన్నీ వదలలేదు కదా. ఆ నెలలోనే నాయిన మిగిలిన గొర్రెలను అమ్మేసి మట్టిపనికి పోయాడు. తర్వాత తిరిగొచ్చి, వేరేవాళ్ల మందను కూలికి కాయడం మొదలుపెట్టాడు. ఈరోజుకీ అదే పని.

నేను సారుతో మాట్లాడడం మానేశాను. మూడో ఏడంతా మానేశాను. నాయిన ఒక్కమాట అనలేదు గానీ, ఆయన అననిదంతా నేను పట్టుకుని కూర్చున్నాను. క్లాసులో సారు నా పేరు పిలిస్తే పలికేదాన్ని కాదు. నేను వెనక బెంచీలోనే కూర్చున్నానని ఆయనకు కనపడుతూనే ఉండేది. ఒక క్షణం ఆగేవారు. "ఇంకా రాలేదు" అని చుక్క పెట్టేవారు. ఆ మాటలో ఎకసెక్కెం లేదు. నిజంగానే ఎదురుచూస్తున్నట్టు అనేవారు. అది నాకు మరీ కోపం తెప్పించేది. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చాక ఒకసారి వనపర్తిలో ఆయన ఇంటికి పోయాను. అప్పటికి రిటైరయ్యారు. కుర్చీ, గోడకు ఆన్చిన గొడుగు, పాలు లేని చాయ్. నా ఉద్యోగం గురించి అడిగారు, సంతోషించారు. తర్వాత చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆ తెల్లమచ్చది పందొమ్మిదో రోజే గద పోయింది?" అన్నారు. అవునన్నాను.

"నువ్వప్పుడు కంట్రోల్ అన్నవు. మూడింటిని వదిలిపెడితే తెలుస్తుండె."

"ఇప్పుడు తెలిసి ఏం చేస్తరు సార్?"

"ఇంకో కరువు వస్తది గదమ్మా. అప్పుడెవరన్న అడిగితే ఏం చెప్పాలె?"

ఫోన్ నంబరు కూడా ఇవ్వకుండా లేచి వచ్చేశాను. ఆయన్ని క్షమించానని అనుకున్నాను గానీ, క్షమించడానికి ఆయన చేసిన తప్పేమిటో ఈరోజుకీ నాకు తేలలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టే వేళకు, అంటే పోయినవాళ్ల పేరున కాకికి అన్నం పెట్టే వేళకు, నాయిన మొదటి బస్సుకు వచ్చాడు. దారిలో చెప్పాడు. మందలో గొర్రెలు ఈనిన ప్రతిసారీ సారు ఫోన్ చేసేవారట. "ఈసారి పిల్లలెన్ని నిలిచినయ్ పెద్దాయనా?" అంతే. నాయిన లెక్క చెప్పేవాడు, ఆయన పెట్టేసేవారు. తను కాసే మందలో ఏ పిల్లకూ నాయిన మళ్లీ బెల్లం నీళ్లు పోయలేదు. పాలు లేని పిల్లలు మాత్రం ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. "బెల్లంతోని పోతలేవు, అంతే" అన్నాడు.

ఊరి బయట బండల మీద విస్తరి వేశారు. అన్నం, పప్పు, గారెలు, ఒక బెల్లం ముక్క. నాయిన వంగి, బెల్లం ముక్కను రెండు వేళ్లతో తీసి పక్క రాయి మీద పెట్టాడు.

"ఎందుకు తీస్తున్నవ్ పెద్దాయనా?" అని అడిగాడు సారు అన్న కొడుకు.

"సారు బెల్లం వద్దన్నడు" అన్నాడు నాయిన. చంకలోంచి తడిగుడ్డ చుట్టిన సీసా తీసి, ఆకుదొప్పలో గొర్రెపాలు పోశాడు. గట్టు నుంచి వనపర్తి దాకా వచ్చినా ఈసారి పాలు విరగలేదు. సారుకు పాలు పడవని నాకు తెలుసు. ఆ మాట నాయినకు చెప్పలేదు.

పిట్ట రాలేదు. వేపకొమ్మ మీద రెండు కాకులు కూర్చున్నాయి గానీ దిగలేదు. చాలాసేపటికి ఎవరో, "పిట్ట ముడ్తలేదంటే సారుకు ఏమన్న మనసుల మిగిలిందేమో, ఎవరన్న మాటియ్యుండ్రి" అన్నారు. అన్న కొడుకు ఇల్లు చూసుకుంటానన్నాడు, కర్మ సరిగ్గా చేస్తానన్నాడు. కాకులు కదల్లేదు. అప్పుడు నాయిన తలపాగా తీసి ముందుకు వచ్చాడు.

"సారూ, సూదితోని పోలే. ఆకలితోని పోయినయ్. నేను చూసిన గద."

ఆయన చూడలేదు. ఎవరూ చూడలేదు. అది చూసి తెలిసే సంగతి కాదు. నాయిన కాసేపు అలాగే చేతులు జోడించి నిలబడి, కాకుల వైపు చూశాడు. అవి దిగలేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చాక అందరూ లేచారు. నేను వెనక్కి తిరిగి చూశాను. రాయి మీది బెల్లానికి చీమలు పట్టాయి. దొప్పలో పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి.