మందుల కిటికీ మూయనివ్వని యాదగిరి సారు

డాక్టర్ యాదగిరి గారు ఇక లేరు. మంగళవారం తెల్లవారుజామున బడంగ్‌పేట్‌లోని స్వగృహంలో గుండెపోటుతో పరమపదించారని వారి అమ్మాయి ఫోన్ చేసి చెప్పేటప్పటికి, నేను డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. ఒంటి చెప్పుతోనే అక్కడ కూలబడిపోయాను. ముందురోజు సాయంత్రమే కదా నన్ను చెడామడా తిట్టి వెళ్ళారు, ఇదెలా నమ్మేది? ఆయన నోటి దురుసు సరూర్‌నగర్‌లో తెలియనివారు లేరు. ఆ నోటి వెనక ఉన్న కరుణ ఎందరికి తెలుసో నాకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

చెరువు పక్క వీధిలో మాది చిన్న సర్కారు దవాఖానా. ఆయన డాక్టరు, నేను మందులిచ్చే ఫార్మసిస్టుని. ఆయనది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె, మాది కృష్ణా జిల్లా. బీపీకీ షుగరుకీ ప్రభుత్వం బీదసాదలకు ఉచితంగా ఇచ్చే మాత్రలు నా కిటికీలోంచే వెళ్ళేవి. బయట కొనే స్తోమత లేని వారికి అదే ప్రాణాధారం. “రోగం పేరు చెప్పుడు పెద్ద పని కాదు సుశీలమ్మా. గోలి కడుపులకు పోవాలె, గదీ పని” అనేవారు సారు.

అల్మాస్‌గూడ నుంచి మల్లయ్య అనే తాపీమేస్త్రి వచ్చేవాడు. నెలనెలా బీపీ మాత్రలు తీసుకుంటాడు, బీపీ మాత్రం దిగదు. సారుకి ఒళ్ళు మండింది. “గోలీలు మింగుతున్నవా, గోడకు మెత్తుతున్నవా?” అని గదిమారు.

మల్లయ్య తల గోక్కున్నాడు. “మింగుతున్న సారూ. సగం నేను, సగం మా లక్ష్మమ్మ. దానికి గూడ బీపీ ఉందన్నరు గద.”

“ఆమెను తోల్కరావొచ్చు గద?”

“తెల్లకార్డు ఒక్కటే ఉందాయె. బియ్యం లెక్క కార్డుకు ఒక్క వాటానే ఇస్తరనుకున్నం.”

రేషన్ దుకాణం నేర్పిన న్యాయాన్ని ఆ దంపతులు మందులకూ వర్తింపజేసుకుని, ఒక ప్రాణానికి సరిపడే ఔషధాన్ని రెండు ప్రాణాలకు పంచుకున్నారు. ఆ పంపకంలో ఎంత ప్రేమ ఉందో అంత ప్రమాదమూ ఉంది. మర్నాడే సారు లక్ష్మమ్మను పిలిపించి ఆమెకు వేరే చీటీ రాశారు. ఆ తరవాత ఆయన కుర్చీ ముందుకు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న రోగం గురించి కాదు, “నీ గోలి ఇంట్ల ఇంకెవరు మింగుతున్నరు?” అని. నవ్వేవారు నవ్వారు. పంచుకుంటున్నవారు మాత్రం ఇంకా చాలామందే బయటపడ్డారు.

ఇంతలో ఉద్యమం ఉధృతమైంది. తెలంగాణ ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. మా దవాఖానా మూతపడి, గేటు ముందు టెంటు వెలిసింది. మొదటిరోజే అందులో కూర్చున్న మనిషి యాదగిరి గారు. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు పెడితే గరిట పట్టుకుని వడ్డించింది కూడా ఆయనే. ప్రత్యేక రాష్ట్రం ఆయనకు జీవితాశయం. అటువంటి మనిషి నన్ను టెంటు దగ్గరికి పిలిచి, “మందుల కిటికీ తెరువు” అన్నారు.

“నాకెందుకొచ్చిన గొడవండీ? నేనేమో ఆంధ్రా మనిషిని. సమ్మె చెడగొట్టడానికే తెరిచిందంటారు. రేపు ఈ వీధిలో నేనెలా తిరగను?” అన్నాను.

ఆయన టెంటులోంచి కుర్చీ ఎత్తుకొచ్చి నా కిటికీ పక్కన వేసుకుని, మెడలో గులాబీ కండువాతోనే కూర్చున్నారు. “ఎవడన్న అంటే నన్ను అనుమను” అన్నారు. ఆయన్ని అననే అన్నారు. తోటి ఉద్యోగి ఒకాయన అందరి ముందరా నిలదీశాడు: “సమ్మెల ఉండి గీ పనెట్ల చేస్తరు సార్? ఇది ద్రోహం గాదా?”

“మన సమ్మె సర్కారు మీద. లక్ష్మమ్మ మీద గాదు. గీ కిటికీ మూస్తే వాళ్ళు మళ్ల సగం గోలి మింగుతరు. తెలంగాణ ఒచ్చినంక వాళ్ళు ఉండొద్దా?”

మరుసటి పూట మంచినీళ్ళ బిందె ఆ నిలదీసినాయనే తెచ్చి వరుస దగ్గర పెట్టాడు. బస్సులు లేవు, జనం నడిచి వచ్చేవారు. మల్లయ్య, లక్ష్మమ్మ ఇద్దరూ వచ్చి ఎవరి మాత్రలు వాళ్ళు తీసుకువెళ్ళారు. సమ్మె ముగిసేదాకా సారు ఆ కుర్చీ వదల్లేదు, నా మీద ఈగ వాలనివ్వలేదు. ఊరంతా మీరూ మేమూ అని విడిపోయి మాట్లాడుకుంటున్న కాలంలో నాకు అంత అండగా నిలిచిన మనిషిని నేను ఏ జన్మకీ మరువలేను.

ఆయన కోరుకున్న రాష్ట్రం ఇంకా రాలేదు. రాకముందే ఆయన వెళ్ళిపోయారు. ఈ అన్యాయం ఎవరితో చెప్పుకోను? ఆ కుర్చీలోకి రేపు మరో డాక్టరు వస్తారు, మంచివారే కావచ్చు. కానీ ఇంట్లో ఇంకెవరు మింగుతున్నారని అడగడానికి చదువొక్కటే చాలదు.

మంగళవారం నాడు, సంతాపసూచకంగా దవాఖానా మూసేసి అంత్యక్రియలకు వెళదామన్నారు సిబ్బంది. వాళ్ళను పొమ్మన్నాను. అది మాత్రలిచ్చే రోజు, వరుస అప్పటికే వీధి మలుపు దాకా ఉంది. విషయం తెలిసి వరుసలో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, ఏడుస్తూనే చీటీలు అందిస్తున్నారు. చిట్టచివరి మనిషికి ఇచ్చాకే కిటికీ వేసి ఆటో ఎక్కాను.

నేను శ్మశానం చేరేసరికి చితి సగం కాలిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు. దూరంగానే నిలబడి చేతులు జోడించి, “అందరికీ ఇచ్చే వచ్చాను సార్” అన్నాను.