యాస మార్చుకోమన్న రోజు: భోగాపురం నుంచి సాలూరు దాకా

భోగాపురంలో ఇంటర్వ్యూ ఉందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్లొద్దామనుకున్నాను. కొత్తగా కడుతున్న విమానాశ్రయంలో ప్రయాణికులకి దారి చూపించడానికి, మైకులో ప్రకటనలు చదవడానికి మనుషుల్ని తీసుకుని శిక్షణ ఇచ్చే ఏజెన్సీ అది. మా ఇల్లు అరసవల్లిలో. రెండేళ్లుగా శ్రీకాకుళంలో ఒక కంటి ఆస్పత్రి కౌంటర్లో పని చేస్తున్నాను. పొద్దున షేర్ ఆటోలో ఏడు రోడ్ల జంక్షన్ దాకా, అక్కడి నుంచి నడక. ఇక సాయంత్రం వరకూ పేషెంట్ల పేర్లు పిలవడం, కళ్లలో చుక్కలు వేయించుకున్న ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టడం. ఆ పని నాకు ఇష్టమే. ఇష్టమైన పనిని వదిలి ఇంకోదాని కోసం ఎందుకు వెళ్తున్నావని ఎవరైనా అడిగితే ఒక్కటే చెప్పగలను. ఇరవై నాలుగేళ్లకే జీవితమంతా ఆ కౌంటర్ వెనకాలేనా అని ఒక్కోరోజు భయం వేసేది, అంతే.

ఇంటర్వ్యూ సంగతి వినగానే అమ్మ సాలూరు మాట ఎత్తింది. అక్కడ మా పెద్దమ్మ ఉంటుంది. పెదనాన్నకి వేసవిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. విజయనగరం ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకసారి చూశాం గానీ ఇంటికి వెళ్లాక చూడలేదు. అలా ఒక్కదాన్నే వెళ్లాల్సిన ప్రయాణం అమ్మ, నాన్న, పళ్ల బుట్ట, మినప సున్నుండల డబ్బాతో కారు ప్రయాణం అయింది. బండి మా వీధిలో ఉండే రాజు మావది. రోజుకి మూడు వేలు, డీజిల్ మనమే పోయించుకోవాలి. బస్సుల్లో అయితే ఇందులో నాలుగో వంతు కూడా అవదు గానీ, ఈ దారంతా ఒక్కరోజులో తిరిగి రాలేరు.

ఆరున్నరకి బయల్దేరాం. ఎచ్చెర్ల దాటాక హైవే ఖాళీగా ఉంది. రణస్థలంలో ఆగి ఇడ్లీలు తిన్నాం. నేను తినలేక ఒకటి వదిలేస్తే నాన్న తన ఆకులో వేసుకున్నాడు. మీరు విజయనగరమే వెళ్లేటట్టయితే నాతవలస దగ్గర కుడివైపు తిరగాలి. మేము నేరుగా ముందుకెళ్లి, తొమ్మిదిన్నర లోపే భోగాపురం చేరాం. ఎర్రమట్టి లారీలు, కొత్తగా వేస్తున్న రోడ్లు, కొబ్బరితోటల మధ్య పెద్ద పెద్ద బోర్డులు. ఎటు చూసినా దేనికో సిద్ధమవుతున్నట్టు ఉంది ఊరు.

ఇంటర్వ్యూ హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నా వంతు వచ్చేసరికి లోపల ఇద్దరే ఉన్నారు, బూడిదరంగు చీర కట్టుకున్న ఒక మేడమ్, లాప్‌టాప్ ముందు ఒకాయన. ముందు ఒక కాగితం ఇచ్చి ప్రకటన చదవమన్నారు. తెలుగులో, ఇంగ్లిష్‌లో తడబడకుండా చదివాను. అప్పుడు మేడమ్ కాగితం పక్కన పెట్టించి, "ఒక పెద్దావిడ బ్యాగు కనిపించక ఏడుస్తోంది. నేనే ఆవిడ అనుకో. మాట్లాడు" అన్నారు.

ఆలోచించడానికి టైము లేదు. ఆస్పత్రిలో నోటికి ఎలా వస్తుందో అలాగే వచ్చేసింది. "కంగారు పడకండమ్మా. ముందు ఇలా కూకోండి. సంచి ఏ రంగుదో సెప్పండి, నాను ఎతికి తెస్తాను."

లాప్‌టాప్ ఆయన తల దించుకుని నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. గొంతు బాగుందనీ, ఓపిక ఉందనీ చెప్పి, "కానీ ఈ యాస ఇక్కడ పనికిరాదు. ఆరు వారాల శిక్షణలో మార్చుకోగలవా?" అని అడిగారు. మార్చుకోగలనండి అని వెంటనే అనేశాను. సాయంత్రం ఫోన్ చేస్తామనీ, చేరేదీ లేనిదీ అప్పుడు ఖాయంగా చెప్పాలనీ అన్నారు. లేచి వచ్చేస్తుంటే ఆవిడ గొంతు తగ్గించి, "నాది పలాస. నాకు ఏడాది పట్టింది" అన్నారు. అది ధైర్యం చెప్పడమో, హెచ్చరికో తెలియలేదు. ఆవిడ మాటలో పలాస ఎక్కడా లేదు.

కారులో కూర్చున్నాక జరిగింది జరిగినట్టు చెప్పాను. నాన్న కిటికీ వైపు నుంచి చూపు తిప్పి అడిగాడు.

"అంటే ఏటి, మనం మాటాడీది తెలుగు కాదా?"

అలా అనలేదు నాన్నా అన్నాను. అమ్మ మాత్రం, "ఎల్లిన కాడ ఎలాగ మాటాడమంటే అలాగ మాటాడాల. అందులో ఏటున్నాది?" అని తేల్చేసింది. రాజు మావకి ఇదంతా సరదాగా ఉంది. అక్కడి నుంచి విజయనగరం దాకా ఏ ఊరొచ్చినా మైకులో చెబుతున్నట్టు సాగదీసి ప్రకటించాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, మావ వెక్కిరిస్తున్నది నా కొత్త ఉద్యోగాన్నా, మా మాటనా అని ఒక అనుమానం పట్టుకుంది.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో భోజనం చేశాం. మనిషికి నూట ఇరవై, పప్పు, గోంగూర పచ్చడి ఎంతైనా వేస్తారు. కోట చూద్దామని ముందు అనుకున్నాం గానీ ఎండకి భయపడి బయటి నుంచే చూసి వచ్చేశాం. భోజనం దగ్గర నాకు ఒక బుద్ధి పుట్టింది, ఇప్పటి నుంచే అలవాటు చేసుకుందామని. "ఇంకొంచెం పప్పు వేస్తారా అండీ, చాలా బాగుంది" అన్నాను, ఒక్కో అక్షరం ఒత్తి. వడ్డిస్తున్నాయన ఆగి, మేడమ్ గారిది హైదరాబాదా అని అడిగాడు. నాకు లోపల ఎక్కడో గర్వంగా అనిపించింది. "అరసవల్లి" అన్నాడు నాన్న, తలెత్తకుండానే.

విజయనగరం నుంచి సాలూరుకి గజపతినగరం, రామభద్రపురం మీదుగా వెళ్లాలి. మామూలుగా గంటన్నర, లారీలు ఎక్కువుంటే రెండు గంటలు. రామభద్రపురం దాటాక కొండలు దగ్గరికి వస్తాయి, గాలి మారుతుంది. సాలూరులో అడుగు పెట్టగానే రోడ్డుకి రెండు పక్కలా లారీలే. సగం కట్టిన బాడీలు, వెల్డింగ్ మెరుపులు, తడి రంగు వాసన. ఒక లారీ వెనక పలక మీద నెమలి బొమ్మ వేస్తున్న పెయింటర్‌ని చూస్తూ రాజు మావ బండి ఆపేశాడు. మా పెదనాన్న ముప్పై ఏళ్లు ఇక్కడి నుంచి ఘాట్ రోడ్డెక్కి ఒడిశా మీదుగా రాయపూర్ దాకా లారీ తోలాడు. చిన్నప్పుడు ఆయన వస్తే ఇల్లంతా ఆయన గొంతే వినిపించేది.

ఇప్పుడాయన ఇంటిముందు వసారాలో మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు. ఆ, ఊ తప్ప మాట రావడం లేదట. ఒక్క బూతుమాట మాత్రం స్పష్టంగా వస్తోందని పెద్దమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. మాట నేర్పించే డాక్టరమ్మ రోజూ బొమ్మలు చూపించి పలికించమందట. చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఒకటి మంచం మీదే ఉంది. నెల నుంచి చూపిస్తున్నా నోరు విప్పడం లేదని, నువ్వు చదువుకున్నదానివి కదా ఒకసారి చూడమని పెద్దమ్మ పుస్తకం నా చేతిలో పెట్టింది.

మంచం పక్కన కూర్చుని, భోజనం దగ్గర మొదలుపెట్టినట్టే ఒత్తి పలుకుతూ అడిగాను. "ఇది ఏమిటి పెదనాన్నా? చేప. చేప అనండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు, ఆస్పత్రిలో కొత్త నర్సుని చూసినట్టు. మళ్లీ అడిగాను. మూడోసారీ అడిగాను. చూపు రోడ్డు మీది లారీల వైపు తిప్పేసుకున్నాడు. నాకు అలసట వచ్చేసింది. భోజనం దగ్గర నుంచీ ప్రతి మాటనీ నాలుక చివర ఆపి సరిచూసుకోవడం ఎంత శ్రమో అప్పుడు తెలిసింది.

"సేప కాదేటి ఇది?" అన్నాను. "ముల్లు తీసి నాకు ఎట్టేవోడివి. మర్సిపోనావేటి?"

ఆయన తల తిప్పాడు. పెదవి ఒక పక్కకి లాగింది. "సే" అని ఆగిపోయాడు. మెడ మీద నరం కనిపించింది. "సేప" అన్నాడు.

లోపలి నుంచి టీ గ్లాసులు తెస్తున్న పెద్దమ్మ అక్కడే నిలబడిపోయింది. నేను ఆగకుండా పేజీ తిప్పాను. చెట్టు చూపిస్తే సెట్టు అన్నాడు. చెయ్యి చూపిస్తే కాస్త ఆలోచించి సెయ్యి అన్నాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూనే, "చెయ్యి అనాలయ్యా, పుస్తకంలో అలాగ ఉన్నాది" అని దిద్దింది. ఆయన టక్కున నోరు మూసేశాడు.

"రానీ వదినా. వచ్చిందే పదేలు" అన్నాడు నాన్న. తప్పుగా నేర్పితే ఆ తప్పే అంటుకుంటుంది కదా అని అమ్మ అంది. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. కానీ నాన్న పెదనాన్న గురించే మాట్లాడుతున్నాడా, నా గురించి కూడానా? పెదనాన్నకి పోయిన మాట వెనక్కి రావాలి. నేనేమో ఉన్నదాన్ని పక్కన పెట్టాలి. ఈ రెండూ ఒకటి కాదని తెలుసు. అయినా ఆ వసారాలో రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, విడదీయడం నా వల్ల కాలేదు.

టీ తాగాక ఆయనే నా వైపు వేలు చూపించి, "ఉద్దోగం" అన్నాడు. దాని గురించి అమ్మ అప్పటికే చెప్పేసింది. ఏం చెయ్యాలో వివరించాను. మైకులో చెప్పాలి పెదనాన్నా, విమానం ఎప్పుడొస్తాదో, ఎటు ఎల్లాలో.

"సెప్పు" అన్నాడు.

లేచి నిలబడ్డాను. పొద్దున చదివిన ప్రకటన గుర్తుంది. ప్రయాణికులకు విజ్ఞప్తి అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను, ఎక్కడా మా ఊరు వినపడకుండా. రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్లు తెరిచి, మా అందరినీ ఒక్కొక్కరినే చూసి అడిగాడు.

"ఎవులు?"

ఎవుల గురించి పెదనాన్నా అని అడిగాను. ఉద్యోగం ఎవరిస్తున్నారని అడుగుతున్నాడని అమ్మ అంది. ఈ మధ్య దేనికైనా ఎవులు అనే అడుగుతున్నట్టు చూస్తాడని పెద్దమ్మ అంది. నాన్న లేచి కారు దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు మాత్రం, ఇప్పుడు మాట్లాడిందెవరు అని అడిగాడనిపించింది. మళ్లీ అడుగుదామంటే అప్పటికే అలసిపోయి నిద్రలోకి జారుకున్నాడు. మధ్యాహ్నం దాటితే ఆయనకి ఓపిక ఉండదట.

తిరుగు ప్రయాణం బొబ్బిలి, రాజాం మీదుగా. చిలకపాలెం దగ్గర హైవే కలుస్తుంది. విజయనగరం మీదుగా రావడం కన్నా దగ్గర గానీ రోడ్డు సన్నం. బొబ్బిలి దాటాక ఫోన్ మోగింది. మేడమే. చేరుతున్నావా అని అడిగారు. నాన్న వైపు చూశాను. ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరగలేదు.

"వస్తన్నానండి" అన్నాను. అన్నాకే తెలిసింది ఎలా అన్నానో.

అవతల ఆవిడ, "సోమారం వచ్చీ అమ్మా" అని పెట్టేశారు. నాకోసం అలా అన్నారో, నోరు జారిందో ఇప్పటికీ తెలియదు.

రాజాంలో టీకి ఆగినప్పుడు నాన్న నా పక్కన నిలబడ్డాడు. కోపమా నాన్నా అని అడిగాను. "కోపమేటి. నువ్వు మాటాడతంటే బాగానే ఉన్నాది. బాగున్నాదనే బాధ" అన్నాడు.

ఇది రాస్తున్నప్పటికి శిక్షణలో మూడో వారం. పొద్దున క్లాసులో సెప్పండి అని నోరు జారి తిట్లు తింటున్నాను. ఇంటికొచ్చి అమ్మతో చెప్పమ్మా అంటే, అమ్మ నన్ను వింతగా చూస్తోంది. కంటి ఆస్పత్రి గుర్తొస్తే బెంగగానే ఉంటుంది, అయినా క్లాసు ఒక్కరోజు కూడా మానాలనిపించదు. చేస్తున్నది మంచో చెడో నాకు తేలలేదు. తేలాక రాద్దామనుకుంటే ఎప్పటికీ రాయలేనేమోనని ఇలాగే రాసేస్తున్నాను. పెదనాన్నకి రోజూ పొద్దున క్లాసుకి ముందే ఫోన్ చేస్తున్నాను. ఆయన మాటే రానివ్వండని డాక్టరమ్మ చెప్పిందట, ఇప్పుడు పెద్దమ్మ దిద్దడం లేదు. మొన్న ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు ఎవులు అన్నావు కదా, ఎవుల్నని. ఊపిరి వినిపిస్తూనే ఉంది. చివరికి, "తిన్నావా?" అన్నాడు.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. మేము తిరిగిన చుట్టునే తిరగేసి వెళ్లండి. ముందు రాజాం, బొబ్బిలి మీదుగా పొద్దున్నే సాలూరు చేరుకుని, విజయనగరం, భోగాపురం తిరుగుదారికి ఉంచుకోండి. రోడ్డు ఖాళీగా ఉంటుంది, కొండల మీద ఎండ ఎక్కదు. అక్కడ ఒంట్లో బాగోలేని మనిషిని చూడటానికే వెళ్తుంటే మరీను. ఆయనకి మాట్లాడే ఓపిక ఉన్న వేళకి మీరు అక్కడ ఉంటారు.