తప్పంతా కార్డుదే

ఆయన పూర్తి పేరు ‘తప్పంతా దీనిదే బాబాయిగారు’. కన్నవారు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గాని, పిలిచేవారు లేక అది ఎప్పుడో వాడుక తప్పింది. ఏ యంత్రం ఆగినా, ఎందువల్ల ఆగినా, ఆయన తీర్పు ఒక్కటే: నేరం మనిషిది కాదు, వస్తువుది.

అచ్చాఫీసు మేనేజరమ్మ ఆయనను మొదటిసారి చూసినప్పుడు, మరమ్మతుకు వచ్చిన ఆయన కంప్యూటర్లోంచి పీకిన నెట్‌వర్క్ కార్డును, అల్లరి పిల్లవాడి చెవి పట్టుకున్నట్టు, అంచు పట్టుకుని నిలదీస్తున్నారు.

“ఏరా, సిగ్గుందా? ఇంతమంది పని చెడగొట్టి, పచ్చగా నిగనిగలాడుతూ కూర్చున్నావా?”

అరచేతి వెడల్పు ఆకుపచ్చ పలక అది, మారు పలకలేదు. బాబాయిగారు దాన్ని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పడేసి, మూత బిగించి, సంచిలోంచి మరొక కార్డు తీశారు.

“వాణ్ణి జైల్లో వేశానమ్మా. తప్పంతా దీనిదే.”

మేనేజరమ్మకు ఈ ధోరణి రుచించలేదు. కర్త లేకుండా క్రియ జరగదన్నది ఆమె సిద్ధాంతం. కామా జారినా, కాగితం చిరిగినా, “ఎవరు?” అని అడిగి, పేరు తేలేదాకా ఊరుకునేది కాదు.

ఆ ఆఫీసులోని అయిదు కంప్యూటర్లూ కాలం చెల్లినవే. కొత్తవి కొనమంటే యజమాని, “ఇవి నడుస్తున్నాయిగా!” అనేవాడు. నడవడం అలా ఉంచి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే మాత్రం నానా అగచాట్లు. చిటికెన వేలంత లావు నల్లని కేబులు, ఒక్కొక్క కార్డునూ పలకరిస్తూ గదులన్నీ చుట్టి, రెండు కొసలా రెండు చిన్న ఇత్తడి మూతలతో ముగిసేది. నడుమ ఎక్కడ అతుకు వదిలినా, కొసన ఒక్క మూత ఊడినా, అయిదింటికీ ఒకేసారి నోరు పడిపోయేది. అప్పుడు బాబాయిగారికి కబురు వెళ్ళేది.

ఆయన కీర్తి ఇతర వీధులకూ పాకింది. మందుల కొట్టులో ఒకసారి కంప్యూటరును పక్కకు వంచితే ధారగా కాఫీ కారింది. కౌంటరు దగ్గరి అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాబాయిగారు వాసన చూసి, కొట్టు యజమానురాలితో గంభీరంగా, “కార్డుకు చెమట పట్టిందండీ,” అన్నారు.

“చెమట తియ్యగా ఉంటుందా, బాబాయిగారూ?”

“పెద్ద వయసు కదండీ. చక్కెర వ్యాధి.”

ఇంట్లోనూ ఇదే వరస. ఒకనాడు ఆయన కోసం స్వయంగా వెళ్ళిన మేనేజరమ్మ దగ్గర పిన్నిగారు గోడు వెళ్ళబోసుకున్నారు.

“అన్నం మాడితే గిన్నెదే తప్పంటారు. చొక్కా కాలితే ఇస్త్రీపెట్టెదే తప్పంటారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఒక్క మాటంటే ఒట్టు! సరదాకి పోట్లాడదామన్నా ఇంట్లో నాకో మనిషి దొరకడమ్మా!”

లోపలి నుంచి ధన్‌మని చప్పుడు, ఆ వెనుకే బాబాయిగారి గొంతు: “ఏమే గడపా, కళ్ళు కనపడటం లేదా?”

ఇలా ఉండగా, ఒక పాఠ్యపుస్తకం సాయంత్రానికల్లా అచ్చుకు ఎక్కితీరవలసిన రోజు వచ్చింది. మేనేజరమ్మ ఆఖరి గదిలో తన బల్లను తానే కిటికీ దగ్గరి వెలుతురులోకి జరుపుకుని, చివరి ప్రూఫులు దిద్దుతోంది. అంతలో పక్కగదిలోంచి కేక వినిపించింది: “పేజీలు వెళ్ళడం లేదు!” అయిదు కంప్యూటర్లూ మూగబోయాయి.

యజమాని ఊగిపోయాడు. “ఎవరి నిర్వాకమిది? పేరు చెప్పండి. ఇవాళే ఇంటికి పంపించేస్తాను!”

ప్రూఫులక్క అని అందరూ పిలిచే పెద్దావిడ దిద్దేసిన పేజీనే మళ్ళీ దిద్దుతోంది. ఆమె సంపాదన మీదే ఒక సంసారం నడుస్తోంది. ఆ ఉదయం ఆమె గొడుగు జారి కేబులు మీద పడడం మేనేజరమ్మ కళ్ళారా చూసింది.

బాబాయిగారు వచ్చి, కేబులు వెంట గోడవారన పాక్కుంటూ ఆఖరి గది దాకా వెళ్ళి, మోకాళ్ళకు దుమ్ముతో తిరిగివచ్చారు.

“సార్,” అంది మేనేజరమ్మ, “పొద్దున ప్రూఫుల...”

“ఓరి దుర్మార్గుడా!”

గది అదిరింది. బాబాయిగారు ఎదుటి కంప్యూటరు తెరిచి, కార్డును బయటికి లాగి యజమాని ముక్కు ముందు ఆడించారు. “అన్నం పెట్టిన ఆఫీసుకే ద్రోహమా? పుస్తకం ఆపేంత మగాడివయ్యావా? చూడండి సార్, వీడి వాలకం!”

యజమాని తెల్లబోయాడు. కార్డును ఏమని కోప్పడాలో అతనికి తెలియదు. “సరే... దాన్ని పీకెయ్యండి.”

“పీకేశాను సార్.”

కొత్త కార్డు ఎక్కింది, పేజీలు కదిలాయి, పుస్తకం అచ్చుకు వెళ్ళింది, అందరి ఉద్యోగాలూ నిలిచాయి.

చివరకు యజమానికే విసుగు పుట్టి కొత్త కంప్యూటర్లు కొన్నాడు. పాతవాటిని పాతసామాన్లవాడికి ఇచ్చే ముందు బాబాయిగారు సెలవు తీసుకోవడానికి వచ్చి, తన జైలు డబ్బాను కూడా ఆ కుప్పలోనే పెట్టారు. చెడినదని రూఢి కాకుండా దేన్నీ పారేయడం మేనేజరమ్మ పద్ధతి కాదు. ఆయన చేసేది ఎన్నోసార్లు చూసినదే గనుక, డబ్బాలోని కార్డొకటి తీసి ఒక పాత కంప్యూటరులో తానే బిగించింది. పని చేసింది. ఇంకొకటి బిగించింది. అదీ పని చేసింది. డబ్బాలో ఒక్క దోషి కూడా మిగలలేదు.

“బాబాయిగారూ, ఇవన్నీ బాగానే ఉన్నాయి!”

“ఉండవూ మరి? శిక్ష పడింది, బుద్ధొచ్చింది.”

“వేళాకోళం వద్దు. ఆ పుస్తకం రోజున ఏం జరిగింది?”

“కొసన మూత ఊడిందమ్మా.”

“ఏ కొసన? ఎవరు?”

బాబాయిగారు పైకప్పును పరీక్షగా చూశారు. “ఆఖరి గదిలో ఎవరో బల్లను కిటికీ దగ్గరికి లాక్కున్నారు. వెలుతురు కోసమేలెండి. తప్పు కిటికీదే.”

మేనేజరమ్మ చేతిలోని కార్డును బల్ల మీద పెట్టింది. మెల్లగా, “నేనేమో ప్రూఫులక్క పేరు చెప్పబోయాను,” అంది.

“సగమేగా చెప్పారు!”

ఆయన డబ్బాను ఆమె వైపు జరిపారు. “కొత్తవాటిలో కార్డు లోపలే కలిసిపోయి ఉంటుందట. తిడదామంటే విడిగా చేతికి దొరకదు. ఇది మీ దగ్గరుంచండమ్మా. ఏదన్నా ఆగితే, ‘ఎవరు?’ అనే ముందు వీళ్ళలో ఒకణ్ణి బయటికి తీసి నాలుగు తిట్టండి.”

గడప దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

“కాస్త గట్టిగా తిట్టాలి సుమండీ. పక్కగదిలోకి వినపడాలి.”