ఇప్పచెట్టు మీది ఈల

నేను టేకులపల్లి దగ్గర ఒక బడిలో టీచర్‌ని. పిల్లల పాటలకు బాణీలు కడుతుంటాను. ఏ కాలమైనా సరే, ఆదివారం పొద్దున అడవిలో ఈల వేసుకుంటూ నడిస్తేనే నాకు బాణీ తడుతుంది.

పోయిన వేసవిలో, ఇప్పపూలు రాలే రోజుల్లో అలాగే వెళ్లాను. మేకలను పిలుస్తున్నట్టు ఎవరో ఈల వేశారు. వెంటనే పొడిదగ్గు వినిపించింది. చుట్టూ చూస్తే మనిషీ లేడు, మేకా లేదు. మళ్లీ అదే ఈల, అదే దగ్గు, ఈసారి సరిగ్గా నా తలపైన. రెండడుగులు వెనక్కి వేశాను.

ఇప్పచెట్టు వెనక వంగి పూలు ఏరుకుంటున్న ఒక అవ్వ అప్పుడు తలెత్తింది.

"భయపడకు సారూ. అది మా ముసలోడి ఈల. ఆయన పోయి ఏడాదాయె. గా పిట్ట నేర్చుకున్నది."

కొమ్మ మీద పొడుగు తోక నల్లపిట్ట ఒకటి కూర్చుని ఉంది. ఆ ఈల మరిచిపోకూడదని నేనూ వేయబోయాను. అవ్వ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఎయ్యకు సారూ. నీది నేర్చుకుంటే మా ముసలోడిది మర్చిపోతది."

ఇప్పటికీ వానలోనూ చలిలోనూ ఆ దారినే నడుస్తాను. ఆ చెట్టు దాటేదాకా మాత్రం, దగ్గొచ్చినా ఆపుకుంటాను.